అద్దె కారా, అప్పు కారా?

అమెరికాలో కారు ప్రకటన చూస్తే అసలు ధర ఎక్కడుందో వెతుక్కోవాలి. పెద్ద అక్షరాల్లో కనిపించేది నెలసరి: ‘నెలకు 299 డాలర్లే!’ కళ్లజోడు ఉన్నవాళ్లు కూడా కళ్లు చికిలించుకుని చదవాల్సినంత సన్నగా అడుగున మిగతా సంగతి ఉంటుంది. లీజు 36 నెలలు, ఏడాదికి 10 వేల మైళ్లు, సంతకం రోజున 3,999 డాలర్లు, పన్నులు అదనం. ఆ 3,999లో మొదటి నెల వాయిదా కూడా కలిసే ఉందనుకుందాం. మిగిలిన 35 వాయిదాలూ కలిపితే మొత్తం 14,464 డాలర్లు. దాన్ని 36 నెలలకు సర్దితే నెలకు 402. ప్రకటనలో అబద్ధమేమీ లేదు. కాకపోతే 299కీ 402కీ మధ్య ఉన్న తేడా కొనేవాడు ఇంటికెళ్లి లెక్క వేసుకుంటే తప్ప కనబడదు. మూడేళ్లు గడిచాక కారు కంపెనీకి తిరిగి వెళ్లిపోతుంది.

ఇప్పుడు ఈ గొడవ మనకెందుకంటే, హైదరాబాద్, విజయవాడ షోరూముల్లో కూడా మాట మారింది. ‘ఏ మోడల్ చూస్తున్నారు సార్?’ తర్వాత వెంటనే వచ్చే ప్రశ్న ‘ఈఎంఐ ఎంత వరకు పెట్టుకోగలరు సార్?’ దాని వెనకే లీజు, సబ్‌స్క్రిప్షన్, బ్యాటరీ అద్దె, మూడేళ్లకు తిరిగి కొంటామనే హామీ వరసగా వస్తున్నాయి. మనకు కొత్తగా కనిపిస్తున్న ఈ పద్ధతుల్లో అమెరికా ఎప్పుడో తలమునకలైంది. అక్కడివాళ్లు ఎక్కడ లాభపడ్డారో, ఎక్కడ చేతులు కాల్చుకున్నారో చూస్తే మన పని కొంత సులువవుతుంది.

అప్పు మీద కారు అమ్మడం అక్కడ నూరేళ్ల పైబడిన అలవాటు. జనరల్ మోటార్స్ 1919లోనే తన సొంత ఫైనాన్స్ కంపెనీ పెట్టింది. హెన్రీ ఫోర్డ్‌కి అరువు బేరమంటే గిట్టేది కాదు. 1923లో ఆయన కంపెనీ తెచ్చిన పథకం వేరు. వారానికి 5 డాలర్ల చొప్పున డబ్బు కట్టుకుంటూ పోవాలి, మొత్తం పూర్తయ్యాకే కారు చేతికొస్తుంది. అవతల జనరల్ మోటార్స్ ఈరోజే కారు తీసుకెళ్లమంటుంటే, డబ్బు పూర్తయ్యేదాకా ఎవరు ఆగుతారు? 1928కి ఫోర్డ్ కంపెనీ కూడా అప్పులిచ్చే దారికి వచ్చింది. లీజు మొదట్లో కంపెనీల వ్యవహారం, సేల్స్‌మన్ల కోసం ఒకేసారి పదుల కార్లు తీసుకోవడానికి. అది ఇళ్లలోకి రావడానికి ఒక పన్ను చట్టం తోడైంది. 1986 పన్ను సంస్కరణతో కారు అప్పు మీద కట్టే వడ్డీకి ఉన్న పన్ను రాయితీ దశలవారీగా పోయింది. అప్పుతో ఆ లాభం పోయాక లీజు వైపు చూసేవాళ్లు పెరిగారు. 2025లో చక్రం వెనక్కి తిరిగింది. ఆ ఏడాది వచ్చిన కొత్త చట్టం, అమెరికాలో తయారైన కొత్త కారును అప్పు మీద కొంటే ఏడాదికి 10 వేల డాలర్ల వరకు వడ్డీని 2028 దాకా ఆదాయంలోంచి తీసేసుకోనిస్తుంది, ఆదాయ పరిమితులకు లోబడి. లీజుకి ఆ రాయితీ లేదు.

లీజు లెక్కలో దాపరికం పెద్దగా లేదు, చెప్పేవాడే ఉండడు. 40 వేల డాలర్ల కారును బేరమాడి 38 వేలకు దించారనుకోండి. మూడేళ్ల తర్వాత ఇది 24 వేలు పలుకుతుందని ఫైనాన్స్ కంపెనీ ముందే ఒక అంకె వేసి ఒప్పందంలో రాస్తుంది. దాన్నే రెసిడ్యువల్ అంటారు. తరిగే విలువ 14 వేలు, 36 నెలలకు పంచితే నెలకు 389 డాలర్లు. దీనికి వడ్డీ తోడవుతుంది. ఇక్కడే ఒక వింత అంకె దర్శనమిస్తుంది: 0.0025. దీని పేరు మనీ ఫ్యాక్టర్. చూసేవాడికి అదేదో పావు పైసా వ్యవహారంలా ఉంటుంది. 38 వేలూ 24 వేలూ కలిపి దాంతో గుణిస్తే నెలకు 155 డాలర్లు. మొత్తం వాయిదా 544. ఆ 0.0025ను 2,400తో గుణించండి, 6 వస్తుంది. అంటే వడ్డీ 6 శాతం. ఈ 2,400 కూడా ఆకాశంలోంచి ఊడిపడలేదు. మూడేళ్లలో సగటున మీ మీదున్న బాకీ మొదటి, చివరి అంకెల మొత్తంలో సగం. ఆ 2ను ఏడాదికి 12 నెలలతోనూ, శాతానికి 100తోనూ గుణిస్తే 2,400.

అలాంటప్పుడు సూటిగా 6 శాతం అనొచ్చుగా? అనక్కర్లేదని చట్టమే వదిలేసింది. అప్పుల విషయంలో 1968 నాటి చట్టం ప్రకారం వార్షిక వడ్డీ శాతాన్ని కాగితం మీద చూపించి తీరాలి. లీజుల కోసం 1976లో వేరే చట్టం వచ్చింది. మొత్తం ఎంత కడతారు, మైలేజీ దాటితే ఎంత, మధ్యలో మానేస్తే ఏమిటి అన్నవి రాయాలంది గాని, వడ్డీ రేటు చెప్పమనలేదు. ఈ సందులోంచి డీలర్లు మనీ ఫ్యాక్టర్‌ని కాస్త పెంచి తమ వాటా వేసుకోవడం అక్కడ మామూలే. బ్రిటన్‌లో ఇదే జబ్బు ఇంకో రూపంలో బయటపడింది. వడ్డీ ఎంత ఎక్కువ వేస్తే డీలరుకి అంత కమిషన్ వచ్చే ఏర్పాట్లను అక్కడి నియంత్రణ సంస్థ 2021 జనవరిలో నిషేధించింది. పాత ఒప్పందాల మీద వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా నడిచాయి. 2025 ఆగస్టు 1న వచ్చిన తీర్పు చాలా వరకు రుణ సంస్థలకు ఊరటే. అయినా, నష్టపోయిన వినియోగదారులకు పరిహారం చెల్లించే పథకం రూపొందిస్తామని ఆ నియంత్రణ సంస్థ ప్రకటించక తప్పలేదు.

మళ్లీ మన కారు దగ్గరికి వద్దాం. అదే 38 వేలు అదే 6 శాతానికి ఏడేళ్ల అప్పుగా తీసుకుంటే నెలకు 555 డాలర్లు. లీజు 544. రెండింటికీ తేడా 11 డాలర్లే. మూడేళ్లు కట్టాక అప్పులో ఇంకా మిగిలే బాకీ 23,637. కారు విలువ, అంచనా నిజమైతే, 24 వేలు. అంటే ఆ రోజు కారు అమ్మేసి బాకీ తీర్చేస్తే చేతిలో మిగిలేది 363 డాలర్లు. లీజువాడు తాళాలు ఇచ్చేసి, ఒప్పందంలో రాసిన మూడు నాలుగు వందల డాలర్ల వాపసు రుసుము కట్టేసి వెళ్లిపోతాడు. మొదటి మూడేళ్లూ ఇద్దరూ దాదాపు ఒకే పడవలో ఉన్నారు. లీజు డబ్బు దండగ, అప్పు ఆస్తి అని మన ఇళ్లలో పెద్దవాళ్లు తేల్చేసే మాట ఇక్కడ నిలబడదు. తేడా అంతా 37వ నెల నుంచి మొదలవుతుంది.

ఆ నెల నుంచి అప్పువాడి దారి వేరు. నాలుగేళ్లు ఇంకా కట్టి, ఆపైన వాయిదా లేని కారు నడుపుతాడు. పదేళ్లకు అతను కట్టింది 46,630 డాలర్లు, చివరి మూడేళ్లూ రిపేర్లే ఖర్చు. అదే ధరలతో పదేళ్లపాటు లీజు మీద లీజు తీసుకుంటూ పోయినవాడు 65 వేల పైచిలుకు కట్టి ఉంటాడు. అతనికి ఎప్పుడూ వారంటీలో ఉన్న కారే దొరుకుతుంది, నిజమే. ఆ సుఖం ఖరీదు దాదాపు 19 వేలు. అది ఎక్కువా తక్కువా అన్నది ఎవరి జేబు వాళ్లది.

ఇంకో తేడా ఉంది, అసలు సంగతి అదే. మూడేళ్లకు 24 వేలు పలుకుతుందన్న అంచనా తప్పితే నష్టం ఎవరిది? లీజులో కంపెనీది. 2008లో పెట్రోలు ధర ఆకాశానికెక్కినప్పుడు పెద్ద పెద్ద ఎస్‌యూవీల రీసేల్ విలువ కుప్పకూలింది. లీజు ముగిసినవాళ్లు బండ్లు తెచ్చి డీలర్ దగ్గర పడేసి పోయారు. ఆ ఏడాది రెండో త్రైమాసికంలో ఫోర్డ్ ఫైనాన్స్ విభాగం లీజు బండ్ల కింద 210 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. క్రైస్లర్ ఫైనాన్స్ కంపెనీ ఏకంగా లీజులు ఇవ్వడమే ఆపేసింది. 2021, 2022లో కథ తిరగబడింది. చిప్‌ల కొరతతో కొత్త కార్లు దొరక్క పాత కార్ల ధరలు పెరిగాయి. ఒప్పందంలో ఎప్పుడో రాసుకున్న రెసిడ్యువల్ ధరకు కారు కొని, బయట వేల డాలర్ల లాభానికి అమ్ముకున్నవాళ్లు ఎందరో. విలువ పడితే ఇచ్చేయొచ్చు, పెరిగితే కొనేయొచ్చు. మంచి లీజులో మీరు డబ్బు కట్టేది ఈ ఎంపిక కోసమే. కంపెనీలు ఊరుకుంటాయా? వాటిలో చాలా ఆ తర్వాత, మీరు కొనుక్కోవచ్చు గాని మీ కారును బయటి డీలర్ నేరుగా కొనడానికి వీల్లేదని నిబంధనలు మార్చాయి.

ఎంపిక పూర్తిగా లేకుండా చేసిన లీజులూ ఉన్నాయి. జనరల్ మోటార్స్ 1996లో ఈవీ1 అనే విద్యుత్ కారును కాలిఫోర్నియా, అరిజోనాల్లో లీజుకి మాత్రమే ఇచ్చింది. తయారైనవి 1,100 చిల్లర. నడిపినవాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకున్నారు. గడువు తీరాక కొనుక్కుంటామన్నారు, కంపెనీ ఒప్పుకోలేదు. 2005లో లాస్ ఏంజెలెస్ దగ్గర బర్బాంక్‌లో కార్లు ఉంచిన కంపెనీ స్థలం ఎదుట రాత్రింబవళ్లు కాపు కాశారు. అయినా చాలా కార్లను తీసుకెళ్లి తుక్కు చేశారు. కొన్ని మ్యూజియంలకు, కాలేజీలకు పోయాయి. టెస్లా 2019లో మోడల్ 3ని లీజుకి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, గడువు తర్వాత కొనే వీల్లేదని ముందే చెప్పింది. ఆ కార్లు డ్రైవర్ లేని ట్యాక్సీలుగా తమకే కావాలన్నది అప్పట్లో ఇచ్చిన కారణం. కౌలు పొలంలో ఎవరూ మామిడి తోట వేయరు. లీజు కారు మీద మమకారం పెంచుకునే ముందు ఒప్పందంలో కొనుగోలు ధర రాసి ఉందా లేదా చూసుకోవాలి.

అక్కడి మన తెలుగువాళ్లకు ఈ లెక్కలో రెండు మెలికలు అదనం. ఒకటి వీసా. హెచ్-1బీ మొదట మూడేళ్లకిస్తారు, లీజూ మూడేళ్లే. జోడీ బాగా కుదిరినట్టు కనిపిస్తుంది. కానీ ఉద్యోగం పోతే 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం కొత్త ఉద్యోగం చూసుకోవడానికి దొరికేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. 14వ నెలలో ఆ పరిస్థితి వస్తే లీజును మధ్యలో తెంచుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పని. మిగిలిన వాయిదాల్లో చాలా భాగం మీద పడుతుంది. కొన్ని కంపెనీలు ఇంకొకరి పేరు మీదకు లీజు మార్చనిస్తాయి, కొన్ని ఒప్పుకోవు. అప్పు కారయితే వారంలో అమ్మేయొచ్చు. అయితే అప్పు కూడా నల్లేరు మీద నడకేమీ కాదు. డౌన్ పేమెంట్ లేకుండా ఏడేళ్ల అప్పు తీసుకుంటే మొదటి రెండేళ్లూ కారు విలువ కంటే బాకీయే ఎక్కువ, తేడా చేతి నుంచి పెట్టుకోవాలి. వీసా స్టాంపింగ్ గురించి ఆలోచించేవాళ్లు సెకండ్ హ్యాండ్ కరోలానో సివిక్‌నో నమ్ముకోవడం పిసినారితనం కాదు, లెక్క తెలిసిన పని.

రెండోది ఊరు. కాలిఫోర్నియాలో లీజు మీద అమ్మకం పన్ను నెలనెలా కట్టే వాయిదా మీదే. కనీస రేటు 7.25 శాతం వేసుకుంటే మన ఉదాహరణలో మూడేళ్లకు 1,420 డాలర్లు. టెక్సస్‌లో రేటు 6.25 శాతమే. కానీ అక్కడ పన్ను కారు పూర్తి ధర మీద పడుతుంది, లీజు కంపెనీ దాన్ని సాధారణంగా మీ నెత్తినే వేస్తుంది. 38 వేల మీద 2,375 డాలర్లు, మీరు వాడుకున్నది 14 వేల విలువే అయినా. చివర్లో కారు కొనుక్కుంటే మళ్లీ పన్ను. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉన్న బావగారు లీజు బాగుందన్నారని టెక్సస్ ఫ్రిస్కోలో ఉన్న బావమరిది కళ్లుమూసుకుని తీసుకుంటే ఎలా?

మైళ్ల సంగతీ అంతే. ఆఫీసుకి రానూపోనూ రోజుకి 60 మైళ్లు తిరిగే మనిషి ఏడాదికి 250 పనిరోజులకే 15 వేల మైళ్లకు చేరతాడు. ఒప్పందం 10 వేలకి ఉంటే మూడేళ్లలో 15 వేల మైళ్లు అదనం. మైలుకి 25 సెంట్లు చొప్పున 3,750 డాలర్ల బిల్లు. గడువు దగ్గరపడ్డాక ఇన్‌స్పెక్టర్ ఇంటికొస్తాడు. బండి చుట్టూ తిరుగుతూ గీత కనబడిన చోటల్లా ఒక కార్డు పెట్టి చూస్తాడు. క్రెడిట్ కార్డు సైజు లోపు సొట్టయితే చాలా కంపెనీలు వదిలేస్తాయి, దాటితే డబ్బు. టైరు గాడి లోతు అంగుళంలో ఎనిమిదో వంతు కంటే తగ్గితే టైర్ల డబ్బు. రెండో తాళంచెవి ఏదని అడుగుతాడు. ఇంకో చిన్నమాట. నెలసరి తగ్గుతుందని లీజులో ముందు డబ్బు పోయకూడదు. రెండో నెలలో కారు నుజ్జయితే బీమా డబ్బు కారు యజమానికి, అంటే లీజు కంపెనీకి పోతుంది. మీరు ముందు పోసింది తిరిగి రాదు.

ఇక మన సంగతి. ఇక్కడ కారంటే ఇప్పటికీ ఎక్కువగా అప్పే. ఆర్‌సీ మీద బ్యాంకు హైపోథికేషన్, ఆఖరి ఈఎంఐ కట్టాక ఎన్‌వోసీ పట్టుకుని ఫారం 35తో ఆర్టీఏ చుట్టూ ఒక తిరుగుడు. అప్పు విషయంలో మనకు ఈమధ్య ఒక మేలు జరిగింది. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం రిటైల్ అప్పులన్నిటికీ అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ శాతాన్ని ఒక కాగితంలో చూపించాలి. ‘ఎనిమిది శాతం ఫ్లాట్’ అని నోటిమాటగా చెప్పే పది లక్షల అప్పు, అయిదేళ్లకు నెలకు 23,333 చొప్పున కడితే, తగ్గే బాకీ మీద దాదాపు 14 శాతం. ఆ కాగితం అడిగితే ఈ గుట్టు వెంటనే తెలిసిపోతుంది. కారు లీజుకి మాత్రం అమెరికా 1976లో తెచ్చిన పాటి ప్రత్యేక చట్టం కూడా మన దగ్గర లేదు. ఒప్పందంలో ఏముంటే అదే.

మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగులకు తెలిసిన లీజు కంపెనీ లీజు. కారు యాజమాన్యం లీజు సంస్థది, అద్దె జీతంలోంచి పన్నుకి ముందే కోతపడుతుంది, చివర్లో ముందే అనుకున్న ధరకు ఉద్యోగి కొనుక్కుంటాడు. పన్ను శ్లాబు ఎక్కువున్నవాళ్లకు ఇది నిజంగానే కలిసొస్తుంది. దీనిలో వీసా లాంటి చిక్కు ఉద్యోగం మారడం. రెండో ఏట మంచి ఆఫర్ వస్తే కొత్త కంపెనీ ఆ లీజును తీసుకుంటుందా, లేకపోతే తెంచుకోవడానికి ఎంత అన్నది చేరేరోజే హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న.

రీసేల్ విలువ ఒక్క రోజులో ఎలా మారుతుందో మనమూ ఈమధ్యే చూశాం. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. కొత్త కారు చవకయ్యేసరికి నిన్నటిదాకా నాలుగు లక్షలన్న పాత కారుని ఆ ధరకు అడిగే నాథుడు లేడు. ఆ నష్టం సొంతదారు నెత్తిన పడింది. మూడేళ్లకు ఇంత ధరకు తిరిగి తీసుకుంటామన్న హామీ కాగితం చేతిలో ఉన్నవాడికి ఆ బెంగ లేదు. ఖరీదైన జర్మన్ కార్లవాళ్లు ఇక్కడ అలాంటి హామీలు అమ్ముతున్నది ఊరికే కాదు.

విద్యుత్ కార్ల దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. ఎంజీ విండ్సర్ 2024 సెప్టెంబరులో 9.99 లక్షలకు వచ్చింది, బ్యాటరీకి కిలోమీటరుకి మూడున్నర రూపాయల అద్దె. బ్యాటరీతో కలిపి కొంటే తర్వాత ప్రకటించిన ధర 13.50 లక్షలు. తేడా మూడున్నర లక్షలు, అంటే లక్ష కిలోమీటర్ల అద్దె. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవాడికి అది అయిదున్నరేళ్లలో పూర్తవుతుంది. ఈలోగా మిగిలిన మూడున్నర లక్షల మీద ఈఎంఐ వడ్డీ తప్పుతుంది గనక అంత చెడ్డ బేరమేమీ కాదు. కాని తిరిగినా తిరక్కపోయినా నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉందా, కారు అమ్మినప్పుడు బ్యాటరీ ఎవరిదవుతుంది అన్న రెండు సంగతులూ ఆ 9.99 పక్కన కనబడవు. అమెరికా ప్రకటనలో 299 డాలర్ల కింది అక్షరాల్లాగే వీటినీ వెతికి చదువుకోవాలి.

నా మటుకు నాకు తేలింది ఇది. మారుతీయో హ్యుందాయో పెట్రోలు కారు కొని పదేళ్లు నడిపే ఇంటికి అప్పే చవక, అదీ అయిదేళ్లు మించకుండా. ఏడేళ్ల అప్పు తీసుకుని మూడేళ్లకే కారు మార్చేవాళ్లు, వాళ్లకు తెలియకపోయినా, నడుపుతున్నది వెనక్కి ఇచ్చే హక్కు లేని లీజే. బ్యాటరీ విలువ ఎటుపోతుందో ఎవరికీ తెలియని ఈ కొద్ది సంవత్సరాలూ విద్యుత్ కారుకు లీజు మంచి ఆలోచనే, తిరిగి ఇచ్చే హక్కు, కొనుక్కునే ధర రెండూ రాసి ఇస్తే. సేల్స్ కుర్రాడు ‘నెలకు ఎంతలో చూద్దాం సార్?’ అనగానే నెల సంగతి పక్కన పెట్టమనండి. కారు ధర ఎంత, వడ్డీ ఏడాదికి ఎంత శాతం, ఆఖర్లో కారు ఎవరిది, ఎంతకు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నవి కంపెనీ ముద్రతో కాగితం మీద రాయించుకున్నాకే బుకింగ్ డబ్బు తీయండి.